సుత్తి మేడం నడుం వాల్చిన ఇల్లు

నగరపాలక కార్యాలయంలో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ సుత్తి మేడమే. ఆ పేరు రెండు దారుల్లో వచ్చింది. ఆవిడ చేతిసంచిలో ఎప్పుడూ ఒక చిన్న సుత్తి ఉండేది. గోడ కనిపిస్తే చాలు, దాంతో మెల్లగా తట్టి, చెవి ఆనించి వినేది. రెండోది, నోరు విప్పిందంటే భూకంపం గురించి తప్ప మాట్లాడేది కాదు. బీరువాను గోడకు బిగించుకోండి, కిటికీ కింద మంచం వేసుకోకండి, బరువైన గిన్నెలు పై అరలో పెట్టకండి అంటూ పుట్టినరోజుకు పిలిచినా, పరామర్శకు వెళ్లినా అదే పాట. భూమి కదలడం పెద్దవాళ్లు కూడా మరిచిపోయిన ఊళ్లో ఆ మాటలు ఎవరి చెవికెక్కుతాయి? ఆవిడ వరండాలో అటునుంచి వస్తుంటే ఇటునుంచి వెళ్లేవాళ్లు సుత్తి కొట్టేస్తుందని పక్క గదిలోకి జారుకునేవాళ్లు.

ఆవిడకు దాని మీద కోపం లేదు. చిన్నప్పుడు తల్లి కుండలు కొనడానికి వెళ్తూ వెంటబెట్టుకుని వెళ్లేది. తల్లి ప్రతి కుండనూ వేలి కణుపుతో కొట్టి చూసేది. ఖంగుమంటే తీసుకునేది, డొల్లగా పలికితే వెనక్కి పెట్టేది. పగులు కంటికి కనబడకముందే చెవికి తెలిసిపోతుందని ఆ పిల్లకు ఆ కుండల దుకాణంలోనే అర్థమైంది. ఇంజనీరింగ్ చదువు, ఉద్యోగం, కళ్లజోళ్ల దుకాణం పెట్టుకున్న ఒక నవ్వుమొహం మనిషితో పెళ్లి, అన్నీ ఆ తర్వాత వచ్చినవే.

ఆ భూకంపం ఒక ఆదివారం మధ్యాహ్నం, ఊరంతా భోంచేసి కునుకు తీస్తున్న వేళ వచ్చింది. సుత్తి మేడం కూడా మంచం మీద ఉంది. ముందు వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. తర్వాత ఇల్లంతా ఎవరో జల్లెడ పట్టినట్టు ఊగింది. బల్ల కింద దూరండి, తల కాచుకోండి, పరుగెత్తకండి అని ఏళ్ల తరబడి ఊరందరికీ అరిగిపోయేదాకా చెప్పిన మనిషికి ఆ క్షణాన ఒక్కటీ గుర్తుకు రాలేదు. కాళ్లూ చేతులూ ఆడక, పైకప్పు కేసి చూస్తూ కొయ్యబారిపోయింది. భర్తే పరుగున వచ్చి ఆవిడ మీదికి ఒరిగి, ఇద్దరి తలల మీదా తలగడ కప్పాడు. ఊగడం ఆగాక, ఆయన చుట్టూ తడుముతూ, “నా కళ్లజోడేదీ?” అన్నాడు. అది ఆయన ముక్కు మీదే ఉంది. ఆవిడ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

మర్నాటి నుంచి ఊరు ఊరంతా సుత్తి మేడం కోసం వెతికింది. పాత బస్తీలో కొన్ని ఇళ్లు కూలాయి. ఆసుపత్రిలో చేరినవాళ్లు చాలామందే ఉన్నా, ప్రాణాలు పోవడం మాత్రం ఊరు భయపడినంతగా లేదు. ఇళ్లు నిలబడ్డ వాళ్లు కూడా లోపలికి వెళ్లే ధైర్యం లేక మైదానాల్లో గుడారాలు వేసుకున్నారు. ఏ ఇంట్లో ఉండొచ్చో, ఏ ఇంట్లో ఉండకూడదో చూసి చెప్పమని ఇంజనీర్లను జంటలు జంటలుగా వీధుల మీదికి పంపించారు. మేడంకు జంటగా వచ్చినాయన ఆవిడ వయసువాడే, పనిమంతుడు, నున్నటి బట్టతల. గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి దారానికి కట్టిన ఇత్తడి గుండు ఎప్పుడూ ఆయన జేబులో ఉంటుంది. ఆయనను గుండు గారు అనేది ఏ గుండును చూసో ఎవరూ తేల్చి చెప్పలేరు. సుత్తీ గుండూ వస్తున్నారు అని పిల్లలు ముందే పరుగెత్తి వీధికి కబురు చేసేవాళ్లు.

పని ఇలా సాగేది. ముందు ఇంటి చుట్టూ తిరిగి, ఒరిగిందేమో, పిట్టగోడ వదులైందేమో, మేడ మీది నీళ్ల ట్యాంకు జరిగిందేమో చూసేవాళ్లు. తర్వాత లోపలికి వెళ్లి పగుళ్లు చదివేవాళ్లు. వెంట్రుకంత సన్నగా సున్నం పొరలో పాకే పగులు కంటికి ఎంత భయంకరంగా ఉన్నా దానివల్ల వచ్చే ముప్పు లేదు. కిటికీకీ కిటికీకీ మధ్య గోడ మీద ఇంటూ గుర్తులా ఐమూలగా చీలిన పగులు మాత్రం మంచిది కాదు. చూడటం అయ్యాక తలుపు మీద కాగితం అతికించేవాళ్లు. ఆకుపచ్చదైతే ఇంట్లో ఉండొచ్చు. పసుపుదైతే వెళ్లి సామాన్లు తెచ్చుకోవచ్చు గానీ మరమ్మతు అయ్యేదాకా కాపురం పెట్టకూడదు. ఎర్రదైతే గడప తొక్కకూడదు.

ఇళ్ల వాళ్లు ఊరుకుంటారా? అద్దెకిచ్చినాయన పచ్చ కాగితం కావాలని వెంటపడేవాడు. అద్దెకున్నాయన ఎర్ర కాగితం అతికిస్తే ఈ పీడ వదిలి కొత్త ఇల్లు వెతుక్కుంటానని చెవిలో చెప్పేవాడు. ఒకచోట ఇద్దరన్నదమ్ములు ఏళ్లుగా మాటల్లేకుండా ఇంటిని చెరి సగం చేసుకుని ఉంటున్నారు. తన సగానికి పచ్చ, తమ్ముడి సగానికి ఎరుపు అతికించమని అన్న అడిగాడు. రెండు సగాలనూ మోసే నడిమి గోడే నిలువునా చీలింది. మొత్తానికి ఎర్ర కాగితం పడింది. ఆ రోజు అన్నదమ్ములిద్దరూ వీధి అరుగు మీద పక్కపక్కన కూర్చుని ఏడ్చారు. మేడం ఆ పూట భోజనం ముట్టలేదు.

ఎర్ర కాగితాల బాధ ఎలాగూ తప్పదని ఆవిడ ముందే గుండె రాయి చేసుకుంది. అనుకోనిది పచ్చ కాగితాల దగ్గర ఎదురైంది. ఇల్లు భేషుగ్గా ఉందని చెప్పి, కాగితం అతికించి, చేతులు దులుపుకుని వచ్చేస్తే, వాళ్లు గుడారంలోంచి కదిలేవాళ్లు కారు. దండం పెట్టేవాళ్లు, సరే మేడం అనేవాళ్లు, మళ్లీ మైదానంలో చాప పరుచుకునేవాళ్లు. చలి ముదురుతోంది. మైదానంలో దగ్గులు మొదలయ్యాయి.

గుండు గారికి ఒళ్లు మండేది. కాగితం మీద సంతకం పెట్టినా నమ్మకపోతే ఇంకేం చేస్తామనేవాడు. మేడంకు మాత్రం ఒక సంగతి గుండెల్లో ముల్లులా ఉంది. ఆవిడ ఇంటిని గుండు గారే చూసి పచ్చ కాగితం అతికించాడు. ఆవిడ కూడా గదిగదినా సుత్తితో తట్టి విన్నది. ఎక్కడా లోపం లేదు. అయినా చీకటి పడితే చాలు, పడక గదిలోకి వెళ్లాలంటే కాళ్లు రావు. మంచం మీద నడుం వాలిస్తే గిన్నెలు గలగలమన్నట్టే ఉంటుంది. లేచి, దుప్పటి కప్పుకుని, మెట్లు దిగి, వీధిలో నిలిపిన కారులో వెనక సీటు మీద ముడుచుకుని పడుకుంటుంది. భర్త తలగడ తెచ్చి తల కింద పెట్టి, ముందు సీటులో తను కూర్చుని, “ఎక్కడికి పోనివ్వమంటారు మేడం?” అనేవాడు.

ఊరికి ధైర్యం చెప్పే మనిషి కారులో పడుకుంటోందని తెలిస్తే ఏమవుతుంది? ఆవిడ ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే మెడ పట్టేసి, కళ్లు మంటలెత్తుతూ, మళ్లీ వీధుల మీద పడేది.

అలాంటి ఒక రోజున బస్సు నడిపే ఒకతను వచ్చి, మా అమ్మకు మీరైనా చెప్పండి మేడం అని ప్రాధేయపడ్డాడు. వాళ్ల ఇంటిని అంతకు కొద్ది రోజుల ముందే చూశారు. ఒక అంతస్తు ఇల్లు, కాంక్రీటు స్తంభాల మీద గట్టిగా నిలబడ్డది. వసారా గోడకూ స్తంభానికీ మధ్య ఒక చిన్న బీట పడింది. అది కదులుతోందో, ఉన్నచోటే ఉందో తేలడానికి, బీటకు అడ్డంగా సన్నటి గాజు పలకను రెండు పక్కలా సిమెంటుతో అతికించి వచ్చారు. బీట ఏమాత్రం విచ్చుకున్నా గాజు పుటుక్కున విరుగుతుంది. అప్పటినుంచీ చిన్న చిన్న ప్రకంపనలు ఎన్నో వచ్చాయి. గాజు చెక్కు చెదరలేదు. తలుపు మీద పచ్చ కాగితం అలాగే ఉంది. తల్లి మాత్రం ఎదురుగా ఉన్న మైదానంలోంచి రానంటోంది. తను రాకపోతే పోనీ, చంటిదాన్ని తీసుకుని కోడలిని కూడా లోపలికి పోనివ్వడం లేదు. పాప నెలల పిల్ల. దగ్గి దగ్గి పాలు కక్కుకుంటోంది.

ఆ తల్లిని వీధి వీధంతా హలో పెద్దమ్మ అంటారు. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో జీవితమంతా ఆపరేటరుగా పని చేసి, ఎవరు ఎదురుపడినా హలో అని పలకరించడం అలవాటైన మనిషి. గుడారం ముందు ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో మనవరాలిని పెట్టుకుని కూర్చుంది. భూకంపం రోజున ఆమె ఇంట్లో ఒంటరిగా ఉంది. స్నానాల గదిలో ఉండగా ఊగింది. తలుపు తెరవబోతే తెరుచుకోలేదు. చీకట్లో, తడి గచ్చు మీద కూర్చుని, ఎక్స్‌ఛేంజిలో అరిచినట్టు హలో హలో అని అరుస్తూనే ఉంది. పక్కింటి వాళ్లు వచ్చి తలుపు పగలగొట్టేసరికి గొంతు పోయింది. ఇప్పటికీ ఆ గొంతు పూర్తిగా తిరిగి రాలేదు.

గుండు గారు ముందుకొచ్చి గాజు పలక సంగతి, స్తంభాల సంగతి విడమరిచి చెప్పాడు. పెద్దమ్మ అంతా ఓపిగ్గా విని, ఆయనను పక్కకు పెట్టి, మేడం మొహంలోకి చూసింది.

“అమ్మాయ్, నీ ఇంటికీ పచ్చ కాగితమేనా?”

“పచ్చదే పెద్దమ్మా.”

“మరి నువ్వు నీ ఇంట్లో పడుకుంటున్నావా?”

గుండు గారు గొంతు సవరించుకున్నాడు. అవును అంటే సరిపోయేది, ఒక్క ముక్క. మేడంకు ఆ ముక్క నోటిదాకా వచ్చింది. కానీ ఆ ముసలావిడ జీవితమంతా కనబడని మనుషుల గొంతులు విన్న మనిషి. డొల్లగా పలికితే ఇట్టే పట్టేస్తుందనిపించింది.

“లేదు పెద్దమ్మా. కారులో పడుకుంటున్నా,” అంది.

గుండు గారు ఆకాశం వంక చూశాడు. పెద్దమ్మ మాత్రం భూకంపం తర్వాత మొదటిసారిగా నవ్వింది. బొంగురు గొంతుతో, భుజాలు కదిలేలా నవ్వింది.

“అయితే ఆ కాగితానికి అర్థమేంటమ్మా?”

“అది ఇంటి గురించి చెప్పేది. ఇల్లు బాగానే ఉంది. బాగు కావాల్సింది మనిద్దరం.”

పెద్దమ్మ కాసేపు పాప వీపు నిమిరింది. తర్వాత పాపను కోడలి చేతికిచ్చి, కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. “పద అయితే. నువ్వూ భయపడుతున్నావు కాబట్టి నీతో వస్తా. భయం లేనివాళ్ల మాట నాకెక్కడం లేదు,” అంది.

ఇద్దరూ వీధి దాటారు. గడప దగ్గర పెద్దమ్మ ఆగిపోయింది. మేడం చెయ్యి అందించలేదు, తొందరపెట్టలేదు. సంచిలోంచి సుత్తి తీసి ఆమె చేతిలో పెట్టింది. ఎక్కడ కొట్టాలో చూపించి, వినమంది. పెద్దమ్మ గడప బయట నిలబడే, చెయ్యి చాచి, తలుపు పక్క గోడను తట్టింది. గట్టిగా పలికింది. ఒక అడుగు లోపలికి వేసి అక్కడ తట్టింది. అలా గోడ వెంట పడి తడుతూ తడుతూ, తనకే తెలియకుండా ఇంటి నడిమధ్యకు వచ్చేసింది. ఒకచోట డొల్లగా మోగింది. పెద్దమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. మేడం సుత్తి తీసుకుని ఆ చోటే గట్టిగా ఒకటి వేసింది. పళ్లెమంత సున్నం పెచ్చు ఊడి నేల మీద పడింది. దాని వెనక ఇటుకలు వరస చెదరకుండా, నిన్న కట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. పెద్దమ్మ ఆ ఇటుకల మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అలా ఉంచింది.

“ఇక ఆ గది,” అంది చివరికి.

స్నానాల గది తలుపు ఇంకా విరిగే ఉంది. గోడ ఒరిగి తలుపు బిగుసుకుపోయిందని, ఇల్లంతా అలాగే తన మీదికి ఒరుగుతుందని ఆమె ఇన్నాళ్లూ అనుకుంటోంది. మేడం తలుపు చట్రాన్ని నాలుగు మూలలా కొలిచింది. ఎక్కడా వంకర లేదు. ఆ తలుపు బయటికి తెరుచుకునే రకం. దాని ఎదురుగా సన్నటి నడవాలో పాత ఇనుప బీరువా ఉంది. నేల మీద కొత్తగా పడ్డ గీతలున్నాయి. బయట నిలబడ్డ కొడుకును పిలిచి అడిగితే, అతను కాస్త గింజుకుని నిజం చెప్పాడు. పక్కింటి వాళ్లు వచ్చేసరికి ఆ బీరువా తలుపుకు అడ్డంగా ఒరిగి పడి ఉందని, దాన్ని లేపి ఎప్పటి చోటే నిలబెట్టినా దాని దెబ్బకు గడియ వంగిపోయి తలుపు పగలగొట్టాల్సి వచ్చిందని, అమ్మ కంగారు పడుతుందని ఆ మాట చెప్పలేదని అన్నాడు.

“బీరువానా?” అంది పెద్దమ్మ. “నన్ను బంధించింది ఈ దరిద్రపు బీరువానా? ఇల్లు కాదా?”

ఆమె గోడకు ఆనుకుని, మెల్లగా జారి, నేల మీద కూలబడింది. ఏడుస్తోందేమోనని కొడుకు పరుగున వచ్చాడు. ఏడవడం లేదు. ఊపిరి పీల్చుకుంటోంది, చాలా రోజులు బిగబట్టినదంతా వదిలేసినట్టు. తర్వాత కొడుకును నాలుగు తిట్లు తిట్టింది. ఆ తిట్లలో పాత గొంతు కాస్త వినబడింది.

మేడం తన పాఠం మొదలుపెట్టింది, ఈసారి ఎవరూ జారుకోలేదు. బీరువాను నడవాలోంచి తీసి పడక గది గోడకు బిగించాలని తేలింది. దానికి కావలసిన ఇనుప పట్టీలు, మరలు తేవడానికి గుండు గారూ, బస్సు డ్రైవరూ కలిసి బజారుకు వెళ్లారు. కోడలు పాపతో మైదానంలోనే ఉండిపోయింది. పెద్దమ్మ వంటింట్లోకి వెళ్లి, దుమ్ము పట్టిన పొయ్యి తుడిచి, టీ పెట్టింది. మేడం ముందు గదిలో మంచం అంచున కూర్చుని గ్లాసు అందుకుంది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి నేల మీద పడుతోంది. ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

“మొహం పీక్కుపోయింది తల్లీ. వాళ్లు వచ్చేదాకా కాస్త నడుం వాల్చు. నేనిక్కడే ఉంటా,” అంది పెద్దమ్మ.

వద్దులెండి అనబోయింది మేడం. ఆ మాట అన్నదో లేదో కూడా ఆవిడకు గుర్తు లేదు.

ఆ తర్వాత జరిగింది గుండు గారు చెప్పగా తెలిసింది. వాళ్లిద్దరూ బజారు నుంచి వస్తూ వీధి మలుపు తిరుగుతుండగా భూమి మళ్లీ కదిలింది. ఈ మధ్య వచ్చిన వాటన్నిటిలోకీ పెద్దది. కరెంటు తీగలు ఉయ్యాలలూగాయి, మైదానంలో జనం ఒక్క పెట్టున లేచారు. బస్సు డ్రైవరు మరల పొట్లం అక్కడే పారేసి అమ్మా అంటూ పరుగు తీశాడు. గుండు గారు, తన భారీ శరీరంతో, అతని వెనకాలే. కదలడం ఆగగానే లోపలికి జొరబడి చూస్తే, మేడం మంచం మీద గోడ వైపు తిరిగి, నోరు కొంచెం తెరుచుకుని, గాఢంగా నిద్రపోతోంది. పెద్దమ్మ మంచం పక్కన కుర్చీలో, నిద్రపోతున్న వాళ్లకు కాపలా ఉన్న మనిషిలాగా ఒక చెయ్యి మేడం భుజం మీద వేసి, తనూ నిద్రపోతోంది. గుండు గారు వసారాలోకి వెళ్లి గాజు పలక చూశాడు. ఎక్కడా గీత కూడా లేదు. ఆయన ఆ గోడకు ఆనుకుని నిలబడి, మొహం తుడుచుకుని, ఎందుకో తనకే తెలియకుండా కాసేపు నవ్వాడట.

వాకిట్లో గుమిగూడిన జనం గుసగుసలకు ముందు పెద్దమ్మకు మెలకువ వచ్చింది.

“ఏంట్రా ఆ గోల?” అంది.

“కదిలిందమ్మా. గట్టిగా కదిలింది.”

“ఎప్పుడు?”

మేడం లేచి కూర్చుంది. బుగ్గ మీద దుప్పటి ముడతలు అచ్చు పడ్డాయి. విషయం తెలిశాక ఆవిడ మొదట పైకప్పు కేసి చూసింది, తర్వాత పెద్దమ్మ కేసి. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. భూమి ఊగుతుంటే తను నిద్రపోయిందా? తనేనా? ఒంట్లో ఎన్నాళ్లుగానో గడ్డకట్టినదేదో కరిగి, కాళ్లలోంచి నేలలోకి దిగిపోయినట్టయింది.

సాయంత్రం బీరువా గోడకు బిగిసింది. పాప ఆ ఇంట్లో, ఎండకు ఆరిన వెచ్చటి పక్క మీద పడుకుంది. ఆ వీధిలో ఇంకో రెండిళ్ల వాళ్లు కూడా చాపలు చుట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

మేడం ఇల్లు చేరేసరికి భర్త తలగడ చంకలో పెట్టుకుని కారు తాళాలు వెతుకుతున్నాడు. ఈ రోజు అక్కర్లేదండీ అంది. ఆయన కారణం అడగలేదు. తలగడ మంచం మీద వేసి, కిటికీ రెక్కలు మూసి, తను అటు పక్కకు జరిగి చోటిచ్చాడు. మధ్యలో ఒకసారి గిన్నెలు గలగలమన్నట్టే అనిపించి ఆవిడకు మెలకువ వచ్చింది. చెవి ఒగ్గి విన్నది. భర్త గురక తప్ప ఏమీ లేదు. భయం పూర్తిగా పోలేదు, కానీ దాని పక్కన పడుకోవడం చేతనైంది. తెల్లారి ఆయన లేపితే గానీ లేవలేదు.

ఆ తర్వాత సుత్తి మేడం పని తీరు మారింది. పచ్చ కాగితం అతికించిన ప్రతి ఇంట్లోనూ వెంటనే లేచి వచ్చేయకుండా, ఇంటివాళ్లను లోపలికి పిలిచి, వాళ్ల చేతికి సుత్తి ఇచ్చి గోడలు తట్టించేది. వాళ్లు దేనికి భయపడుతున్నారో అడిగేది. ఒకరికి మెట్లంటే భయం, ఒకరికి ఫ్యాను, ఒకరికి పక్కింటి పిట్టగోడ. ఆ పిట్టగోడ నిజంగానే వదులైందని తేలి, దాన్ని విప్పించారు కూడా. ఆ వీధుల్లో ఇచ్చే టీలు తాగలేక గుండు గారు కడుపు పట్టుకునేవాడు. పనంతా ఆలస్యమవుతోందని పైనుంచి అడిగితే మాత్రం, మా కాగితాలు పనిచేస్తున్నాయి కదండీ అని ఆయనే ఎదురు చెప్పేవాడు.

చలి తగ్గే రోజుల్లో మైదానం మెల్లగా ఖాళీ అయింది. ఎర్ర కాగితాల వాళ్లకు ఇంకోచోట గదులిచ్చారు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్క గదులే అడిగి తీసుకున్నారు. చివరి గుడారం విప్పిన పొద్దున, మేడం, గుండు గారు అవతలి వీధికి పోవడానికి ఆ మైదానానికి అడ్డంగా నడిచారు. గుడారాలున్న చోటల్లా గడ్డి పాలిపోయి, చదరాలు చదరాలుగా కనిపిస్తోంది. అప్పుడే ఎవరో పిల్లలు ఆ చదరాలను గళ్లుగా చేసుకుని ఒంటికాలి మీద గెంతుతూ ఆడుతున్నారు. గుండు గారు దారికి అడ్డొచ్చారని వాళ్లు విసుక్కుంటే, ఆయన పక్కకు తప్పుకుని, మేడంకు కూడా తప్పుకోమని సైగ చేశాడు.